ఒక సలాక, ఒక రేకు, ఏడాది ఎండ: హనుమకొండ స్లాబ్ మీద రుతువుల లెక్క తీయడం ఎలా

హనుమకొండలో మే 12 దగ్గర మిట్టమధ్యాహ్నం నిటారుగా నిలబెట్టిన కర్రకు నీడ ఉండదు. జూన్ 21న అదే కర్ర నీడ దక్షిణానికి పడుతుంది, ఉత్తరానికి కాదు. డిసెంబర్ 22న మీటరు కర్రకు 88 సెంటీమీటర్ల నీడ ఉత్తరానికి సాగుతుంది. ఇవి దొరికితే చాలు. భూమి అక్షం ఎంత ఒరిగి ఉందో, మన ఊరు భూమధ్యరేఖకు ఎంత పైన ఉందో మీరే తేల్చుకోవచ్చు. ఎండ జూన్‌లో కాక మేలోనే ఎందుకు మాడుస్తుందో కూడా అక్కడే తెలుస్తుంది. టెలిస్కోపు అక్కర్లేదు. కావలసినవి ఇంటి మీద ఎండ తగిలే జాగ, రెండు మూడు వందల రూపాయల సామాను, కొంచెం ఓపిక. పని ఏడాది పొడవునా సాగుతుంది కానీ రోజూ చేయనక్కర్లేదు. నెలకు ఒకటి రెండు మధ్యాహ్నాలు, కొన్ని ముఖ్యమైన తేదీల చుట్టూ ఇంకొన్ని చాలు.

ఎప్పుడైనా మొదలుపెట్టొచ్చు. నన్నడిగితే డిసెంబర్ మంచిది. ఆకాశం తేటగా ఉంటుంది, నీడలు పొడుగ్గా ఉంటాయి, స్లాబ్ మీద నిలబడితే కాళ్లు కాలవు.

ముందు దూరం సంగతి తేల్చుకోండి

భూమి సూర్యుడికి దగ్గరైతే ఎండాకాలం, దూరమైతే చలికాలం అనే నమ్మకం చదువుకున్నవాళ్లలోనూ గట్టిగా ఉంది. దీనికి సగం కారణం పాఠ్యపుస్తకాల్లో కక్ష్యను కోడిగుడ్డులా సాగదీసి గీసే బొమ్మ. నిజానికి ఆ కక్ష్యను కాగితం మీద సరైన కొలతలతో గీస్తే కంటికి గుండ్రంగానే కనిపిస్తుంది. భూమి సూర్యుడికి అతి దగ్గరగా వచ్చేది జనవరి మొదటి వారంలో, అప్పుడు దూరం సుమారు 14.71 కోట్ల కిలోమీటర్లు. అతి దూరంగా ఉండేది జూలై మొదటి వారంలో, అప్పుడు 15.21 కోట్ల కిలోమీటర్లు. అంటే మనం దుప్పటి ముసుగు తీయని రోజుల్లోనే సూర్యుడు అన్నిటికన్నా దగ్గర. పైగా రుతువులకు దూరమే కారణమైతే ఆస్ట్రేలియాకూ మనకూ ఒకేసారి ఎండాకాలం రావాలి. అక్కడ క్రిస్మస్ నడివేసవిలో వస్తుంది.

అయితే దూరం పూర్తిగా నిరుపయోగం కాదు. దగ్గరగా ఉన్నప్పుడు భూమి కక్ష్యలో కాస్త వేగంగా పరుగెత్తుతుంది. అందువల్ల మార్చి విషువత్తు (పగలూ రాత్రీ దాదాపు సమానమయ్యే రోజు) నుంచి సెప్టెంబర్ విషువత్తు దాకా 186 రోజులు పడితే, అక్కడి నుంచి మళ్లీ మార్చికి 179 రోజులే పడుతుంది. క్యాలెండర్ తీసి లెక్కపెట్టి చూడండి, ఫిబ్రవరికి 28 రోజులే ఉండడంతో మాత్రమే ఈ తేడా పూడదు.

బత్తాయితో పది నిమిషాలు

నీడల దగ్గరికి వెళ్లే ముందు లోపల ఈ చిన్న పని చేస్తే తర్వాత వచ్చేదంతా సులువు. గది చీకటి చేసి బల్ల నడుమ ఒక బల్బు వెలిగించండి. ఒక బత్తాయికి తొడిమ నుంచి అడుగు దాకా అగరుబత్తి పుల్ల గుచ్చండి. అది అక్షం. తొడిమ ఉత్తర ధ్రువం. పండు నడుము చుట్టూ పెన్నుతో గీత గీస్తే అది భూమధ్యరేఖ. ఆ గీత నుంచి తొడిమ వైపు ఐదో వంతు దూరం పైకి వచ్చి ఒక గుండుసూది గుచ్చండి. అదే హనుమకొండ. 90 డిగ్రీల్లో ఐదో వంతు 18, మన అక్షాంశం కూడా దాదాపు అంతే.

పండు బల్బుతో సమానమైన ఎత్తులో ఉండాలి. పుల్లను నిటారు నుంచి లంబకోణంలో పావు వంతు కన్నా కాస్త ఎక్కువ వంచండి. ఇక్కడే అందరూ తప్పటడుగు వేస్తారు: బల్ల చుట్టూ తిరుగుతున్నప్పుడు పుల్ల కొన ఎప్పుడూ గదిలో ఒకే గోడ మూల వైపు చూస్తూ ఉండాలి. బల్బు వైపు తలవంచుతూ తిప్పకూడదు. ఏడాదిలో భూమి అక్షం అటూ ఇటూ ఊగదు. అది ధ్రువ నక్షత్రం వైపే చూస్తూ ఉంటుంది, భూమి మాత్రం సూర్యుడి చుట్టూ జాగ మారుతుంది.

ఇలా ఒక చుట్టు తిరగండి. ఒక చోట తొడిమ బల్బు వైపు వాలి ఉంటుంది. అది జూన్. ఎదుటి వైపుకి వెళ్తే తొడిమ బల్బుకు దూరంగా వాలుతుంది. అది డిసెంబర్. ఈ రెండూ అయనాంతాలు. నడుమ రెండు చోట్ల తొడిమ ఎటూ వాలదు, వెలుగు సరిగ్గా ధ్రువం నుంచి ధ్రువం దాకా సగం పండును కప్పుతుంది. అవి విషువత్తులు. ప్రతి చోటా ఆగి పండును పుల్ల మీద మెల్లగా తిప్పుతూ గుండుసూది ఎంతసేపు వెలుగులో ఉందో, ఎంతసేపు చీకట్లో ఉందో చూడండి. మే, ఆగస్టు ప్రాంతాల్లో సూది నేరుగా బల్బు వైపు గురిపెట్టే క్షణం కూడా దొరుకుతుంది. దాన్ని గుర్తుపెట్టుకోండి.

పరికరం తయారీ

మామూలు కర్ర పెట్టి నీడ కొన గుర్తించొచ్చు కానీ చిక్కు ఉంది. సూర్యుడు చుక్క కాదు, ఆకాశంలో అర డిగ్రీ వెడల్పున్న పళ్లెం. అందుకే మీటరు ఎత్తు నుంచి పడే నీడ అంచు సెంటీమీటరుకు పైగా మసకబారుతుంది. కొన ఎక్కడుందో ఇద్దరు చూస్తే రెండు మాటలు చెబుతారు. కొన బదులు రంధ్రం వాడితే ఈ తగవు ఉండదు.

అరచేయంత పలుచని రేకు తీసుకుని నడిమధ్యలో 5 మిల్లీమీటర్ల రంధ్రం కొట్టండి. రేకు దళసరిగా ఉంటే వాలుగా వచ్చే వెలుగును రంధ్రం అంచులే కోసేస్తాయి. ఒక ఇనుప సలాకను పైన లంబంగా వంచి, అర మీటరు చేయి అడ్డంగా వచ్చేలా చేసి, ఆ చేయి చివర రేకును నేలకు సమాంతరంగా కట్టండి. సలాక అడుగు భాగాన్ని పాత పెయింటు బకెట్లో సిమెంటు పోసి నిలబెట్టండి. బకెట్ దక్షిణాన, చేయి ఉత్తరానికి ఉండాలి. అలా పెడితే ఏడాది పొడవునా మధ్యాహ్నపు వెలుగు చుక్కకు బకెట్ అడ్డురాదు. నేల నుంచి రంధ్రం ఎత్తు సరిగ్గా 100 సెంటీమీటర్లు ఉండేలా సరిచేసుకోండి, లెక్కలు తేలికవుతాయి.

ఇప్పుడు అన్నిటికన్నా ముఖ్యమైన పని. రంధ్రం నుంచి మేస్త్రీలు వాడే గుండు వేలాడదీసి, అది నేలను ఎక్కడ తాకుతుందో అక్కడ గుర్తు పెట్టండి. దీన్ని పాదం అందాం. కొలతలన్నీ ఈ పాదం నుంచే. సలాక నిటారుగా ఉందా లేదా అనే బెంగ దీనితో తీరుతుంది. మామూలు కర్ర పెట్టి దాని మొదలు నుంచే కొలిచేవాళ్లు, కర్ర ఉత్తరానికి ఒక్క డిగ్రీ ఒరిగినా నీడను పావు తక్కువ రెండు సెంటీమీటర్లు ఎక్కువగా చదువుతారు. అప్పుడు లెక్కలో హనుమకొండ వెళ్లి మంచిర్యాలలో కూర్చుంటుంది.

స్లాబ్‌కు వాన నీళ్లు పోవడానికి వాటం పెడతారు కాబట్టి అది ఎప్పుడూ సమతలం కాదు. రసమట్టం పెట్టి చూసి, మట్టంగా ఉన్న జాగ వెతకండి. లేకపోతే మీటరున్నర పొడవు ప్లైవుడ్ చెక్క వేసి కింద ముక్కలు పెట్టి మట్టం చేసుకోండి. చెక్క మీద తెల్ల కాగితం అతికిస్తే గీతలు నిలుస్తాయి. మేలో ఆ తెలుపు కళ్లను కొడుతుంది, టోపీ పెట్టుకోండి. రంధ్రం గుండా సూర్యుణ్ని ఎప్పుడూ చూడకండి, చూడాల్సింది కింద పడే చుక్కనే.

ఉత్తరం కనుక్కోవడం

ఫోన్‌లో దిక్సూచి ఉంది కదా అంటారు. స్లాబ్ లోపల అడుగడుక్కీ ఇనుము ఉంటుంది, పక్కనే మీ సలాక ఉంది. ఆ దిక్సూచిని నమ్మొద్దు. పాత పద్ధతే సరైనది.

పాదాన్ని కేంద్రంగా పెట్టి నేల మీద ఒక పెద్ద వృత్తం గీయండి. డిసెంబర్‌లోనైతే 110 సెంటీమీటర్ల వ్యాసార్థం సరిపోతుంది. పొద్దున చుక్క వృత్తం బయట ఉంటుంది, పొద్దెక్కేకొద్దీ లోపలికి జరుగుతుంది. వృత్తాన్ని దాటేచోట గుర్తు పెట్టండి. మధ్యాహ్నం తర్వాత మళ్లీ బయటికి పోతూ దాటేచోట ఇంకో గుర్తు. ఈ రెండు గుర్తులను కలిపే గీత తూర్పు పడమరలు. దాని నడిమి నుంచి పాదానికి గీసింది ఉత్తర దక్షిణాలు. రెండు మూడు వృత్తాలు గీసి సగటు తీసుకుంటే మబ్బు అడ్డొచ్చినా పని చెడదు. గుళ్లు కట్టడానికి దిక్కులు తేల్చుకోవాలంటే వాస్తు గ్రంథాలు చెప్పింది కూడా శంకువు అనే నిటారు కర్ర పాతి, వృత్తం గీసి, నీడ లోపలికి వచ్చిన చోటూ బయటికి పోయిన చోటూ గుర్తించమనే. ఓరుగల్లు కోటలో నాలుగు దిక్కులా నిలబెట్టిన కాకతీయ తోరణాల దగ్గరికి ఎప్పుడైనా వెళ్తే, ఇలా తేల్చుకున్న ఉత్తరంతో వాటిని సరిచూడడం మంచి సెలవురోజు పని.

రాత్రి ఇంకో తనిఖీ చేయొచ్చు. మీ ఉత్తరపు గీత చూపిన వైపు, దిగంతం మీద చేయి చాచి పిడికిలి పెడితే అది దాదాపు 10 డిగ్రీలు. రెండు పిడికిళ్ల కన్నా కొంచెం కిందే ధ్రువ నక్షత్రం ఉండాలి. మన ఊళ్లో దాని ఎత్తు 18 డిగ్రీలు మాత్రమే, వీధి దీపాలుంటే వెతుక్కోవాలి.

మిట్టమధ్యాహ్నం పన్నెండింటికి కాదు

భారత ప్రామాణిక కాలం 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశానిది. వరంగల్ 79.6 దగ్గర ఉంది. ఒక డిగ్రీకి నాలుగు నిమిషాల చొప్పున సూర్యుడు మన నెత్తి దాకా రావడానికి దాదాపు 12 నిమిషాలు ఆలస్యం. దీనికి తోడు కక్ష్యలో భూమి వేగం మారడం, అక్షం ఒరిగి ఉండడం కలిసి ఏడాదిలో ఇంకో పావుగంట అటో ఇటో లాగుతాయి. మనకు మిట్టమధ్యాహ్నం వచ్చే వేళలు ఇవి, నిమిషం అటూ ఇటూగా:

ఫిబ్రవరి 11న 12:26, మార్చి 20న 12:19, మే 12న 12:08, జూన్ 21న 12:13, ఆగస్టు 1న 12:18, సెప్టెంబర్ 23న 12:04, నవంబర్ 3న 11:55, డిసెంబర్ 22న 12:10.

వీటిని గోడ మీద రాసుకుంటే చాలు. ఆ వేళకు పది నిమిషాల ముందే పైకి వెళ్లి, చుక్క ఉత్తర దక్షిణ గీతను దాటే క్షణంలో దాని నడిమధ్యను పెన్సిల్‌తో గుర్తించండి. పక్కనే తేదీ రాయండి. పాదం నుంచి ఆ గుర్తుకు దూరం మిల్లీమీటర్లలో కొలిచి నోటు పుస్తకంలో ఎక్కించండి. ఉత్తరానికి పడితే కూడిక గుర్తు, దక్షిణానికి పడితే తీసివేత గుర్తు. ఈ గుర్తులు మరిచిపోతే తర్వాత లెక్క తలకిందులవుతుంది.

తప్పిపోకూడని తేదీలు

మార్చి 20 లేదా 21, సెప్టెంబర్ 22 లేదా 23 విషువత్తులు. ఆ రోజు సూర్యుడు సరిగ్గా భూమధ్యరేఖ మీద ఉంటాడు. మధ్యాహ్నపు చుక్క 32.5 సెంటీమీటర్ల దగ్గర పడుతుంది. ఒక్క మధ్యాహ్నంతో సరిపెట్టకండి. ఆ రోజు పొద్దున 9 నుంచి 3 దాకా అరగంటకోసారి చుక్కను గుర్తిస్తూ పోండి. మిగతా రోజుల్లో వంపు తిరిగే దారి ఆ రోజు తూర్పు నుంచి పడమరకు తిన్నని గీత అవుతుంది, దానిమీద స్కేలు పెట్టొచ్చు. పుస్తకాల్లో చదివినదానికన్నా ఆ గీతే నాకు నమ్మకం కలిగిస్తుంది. డిసెంబర్‌లో ఇదే దారి పాదానికి దూరంగా ఉత్తరానికి విచ్చుకుంటుంది, జూన్‌లో దక్షిణానికి విచ్చుకుంటుంది. మూడు గీతలూ ఒకే చెక్క మీద పడితే ఏడాది మొత్తం మీ ముందు ఉంటుంది.

విషువత్తు దగ్గర సూర్యుడు రోజుకు 0.4 డిగ్రీల చొప్పున జరుగుతాడు. మీ చుక్క రోజుకు దాదాపు 8 మిల్లీమీటర్లు కదులుతుంది, కాబట్టి ఒక రోజు తేడా కూడా కనిపెట్టొచ్చు. 2025లో ఎంగిలిపూల బతుకమ్మ సెప్టెంబర్ 21న వస్తే మరుసటి రాత్రి 11:49కి విషువత్తు వచ్చింది. తంగేడు, గునుగు పూసే వేళకూ దీనికీ ఎప్పుడూ దగ్గరి చుట్టరికమే.

పంచాంగకర్తలు ఈ విషువత్తు మధ్యాహ్నపు నీడను పలభ అంటారు. 12 అంగుళాల శంకువుకు ఎంత నీడ పడితే అది ఆ ఊరి పలభ. మీ 32.5ను 12తో గుణించి 100తో భాగిస్తే 3.9 వస్తుంది. వరంగల్ పలభ అదే. లగ్నాల లెక్కలకు ఊరి అక్షాంశాన్ని వాళ్లు ఈ రూపంలోనే వాడుకుంటూ వచ్చారు.

మే 11, 12 తేదీలు, మళ్లీ ఆగస్టు 1. ఈ రోజుల్లో సూర్యుడు మన నెత్తిమీద నిలుస్తాడు, చుక్క వచ్చి పాదం మీదే పడుతుంది. దీన్నే నీడలేని రోజు అంటారు. మేలో తప్పకుండా దొరుకుతుంది, ఆగస్టులో మబ్బుల దయ. పిల్లలను పిలిచి ఖాళీ గ్లాసు, నీళ్ల సీసా, వాళ్ల సొంత నీడ అన్నీ చూపించడానికి ఇది మంచి రోజు. ఈ రెండు తేదీల నడుమ ఉన్న 80 రోజులూ సూర్యుడు పొద్దంతా మనకు ఉత్తరం వైపే ఉంటాడు. ఉత్తరపు గోడలకు, కిటికీలకు పొద్దంతా ఎండ తగిలేది అప్పుడే. ఇల్లు కట్టుకునేటప్పుడు ఉత్తరం వైపు ఎప్పుడూ చల్లన అనేవాళ్లు జూన్‌లో ఆ గోడ మీద చేయి పెట్టి చూడాలి.

జూన్ 21 చిక్కు రోజు. అప్పటికి మృగశిర దాటి ఆరుద్ర కార్తె ముంగిట ఉంటాం, రుతుపవనాలు వచ్చేస్తాయి, మబ్బు పట్టి ఉండొచ్చు. కంగారు పడొద్దు. అయనాంతం దగ్గర సూర్యుడు చాలా మెల్లగా కదులుతాడు. జూన్ 11 నుంచి జూలై 1 దాకా ఏ రోజు ఎండ వచ్చినా కొలవండి, గరిష్ఠంగా 6 మిల్లీమీటర్లే తేడా వస్తుంది. వాటిలో దక్షిణానికి అన్నిటికన్నా ఎక్కువ వచ్చిన కొలత తీసుకోండి. మబ్బు లేకుండా దొరికితే అది 9.6 సెంటీమీటర్లు.

డిసెంబర్ 21 లేదా 22. చుక్క ఉత్తరాన 88 సెంటీమీటర్ల దగ్గర. ఇక్కడ ఇంకో ముచ్చట ఉంది. అయనాంతానికి ముందు వెనక మూడు రోజుల్లో చుక్క మిల్లీమీటరు కూడా కదలదు. అలాంటప్పుడు సూర్యుడు మళ్లిన రోజు ఏదో ఎలా తేల్చాలి? సూటిగా తేల్చలేం. అందుకే పక్కదారి: డిసెంబర్ 2 దగ్గర చుక్క 84 సెంటీమీటర్ల దగ్గర ఉంటుంది, అప్పుడు అది వేగంగా కదులుతోంది కాబట్టి కొలత కచ్చితంగా వస్తుంది. మళ్లీ అదే 84 జనవరి 10 దగ్గర వస్తుంది. రెంటి నడుమ 39 రోజులు, అందులో సగం కలిపితే డిసెంబర్ 21 మధ్యలో పడుతుంది. 2025లో అది 21 రాత్రి 8:33కి, 2026లో 22 తెల్లవారుజామున 2:20కి. ఏటా దాదాపు 5 గంటల 49 నిమిషాలు ఆలస్యమవుతూ, లీపు సంవత్సరంలో మళ్లీ ముందుకు వస్తుంది. తేదీ 21, 22 మధ్య ఊగడానికి కారణం అదే.

లెక్క

ఇప్పుడు చేతిలో రెండు కొలతలున్నాయి: డిసెంబర్‌లో 88.2, జూన్‌లో దక్షిణానికి 9.6. రంధ్రం ఎత్తు 100. ఫోన్ కాలిక్యులేటర్‌లో 0.882కి టాన్ ఇన్వర్స్ కొడితే 41.4 డిగ్రీలు. అంటే ఆ మధ్యాహ్నం సూర్యుడు నెత్తి నుంచి 41.4 డిగ్రీలు దక్షిణానికి వాలి ఉన్నాడు. 0.096కి కొడితే 5.5 డిగ్రీలు, ఉత్తరానికి. త్రికోణమితి ఇష్టం లేనివాళ్లు గ్రాఫ్ కాగితం మీద త్రిభుజం గీసి కోణమానినితో కొలుచుకోవచ్చు, అర డిగ్రీలోపు వస్తుంది.

ఏడాదిలో సూర్యుడు మొత్తం తిరిగిన కోణం 41.4, 5.5 కలిపితే 46.9. అక్షం అటు ఎంత వాలితే ఇటు అంత వాలినట్టు కాబట్టి ఇందులో సగం భూమి ఒంపు: 23.45. పుస్తకాల్లో ఉన్నది 23.44. ఇక 41.4 నుంచి 5.5 తీసివేసి సగం చేయండి: 17.95. అది హనుమకొండ అక్షాంశం. పటంలో 18 దగ్గర చూపిస్తారు.

మీకు ఇంత దగ్గరగా రాకపోవచ్చు. ఒంపు 23 నుంచి 24 మధ్య వస్తే మీ పనితనం బాగుందనే. 25 దాటితే మొదట అనుమానించాల్సింది చెక్క మట్టాన్ని, తర్వాత రంధ్రం ఎత్తును.

పొద్దు పొడిచే చోటు, పగటి పొడవు

చెక్క పనితో పాటు పొద్దున్నే చేసే పని ఒకటుంది. స్లాబ్ మీద ఒకే చోట నిలబడి తూర్పు దిగంతాన్ని ఫోటో తీయండి. నీళ్ల ట్యాంకులు, సెల్ టవర్, తాటిచెట్లు, దూరాన గుట్ట ఏవి కనిపిస్తే అవే మీ స్కేలు. పదిహేను రోజులకోసారి సూర్యుడు ఎక్కడ పొడిచాడో ఆ ఫోటో మీద గుర్తించండి. సరిగ్గా తూర్పున పొడిచేది విషువత్తు రోజుల్లో మాత్రమే. జూన్‌లో తూర్పుకు 24.7 డిగ్రీలు ఉత్తరంగా, డిసెంబర్‌లో అంతే దక్షిణంగా పొడుస్తాడు. మొత్తం దాదాపు ఐదు పిడికిళ్ల మేర.

మన దగ్గర అతి పొడవైన పగలు సుమారు 13 గంటల 12 నిమిషాలు, అతి చిన్నది 11 గంటల 3 నిమిషాలు. విషువత్తు రోజు పగలూ రాత్రీ సమానమని చెప్పుకుంటాం గానీ మన ఊళ్లో ఆ రోజు పగలు ఏడు నిమిషాలు ఎక్కువ. సూర్యోదయాన్ని పళ్లెం పై అంచుతో లెక్కిస్తాం, పైగా గాలి పొర వెలుగును వంచి, ఇంకా దిగంతం కిందే ఉన్న సూర్యుణ్ని పైకి ఎత్తి చూపిస్తుంది. నిజంగా సమానమయ్యేది మార్చి 13, సెప్టెంబర్ 30 ప్రాంతంలో.

ఇంకో తికమక. అతి చిన్న పగలు డిసెంబర్ 22న అయినా, పొద్దు అన్ని రోజులకన్నా త్వరగా గూకేది నవంబర్ చివరి వారంలో, సాయంత్రం 5:34కే. అతి ఆలస్యంగా పొడిచేది సంక్రాంతి దాటాక జనవరి మూడో వారంలో, 6:46 దగ్గర. పైన రాసిన మిట్టమధ్యాహ్నపు వేళలు నవంబర్ నుంచి ఫిబ్రవరికి అరగంట ఆలస్యమయ్యాయి కదా, అదే పగటి రెండు కొనలనూ తనతో లాక్కుపోతుంది.

అయితే మే ఎందుకు మాడుతుంది

డిసెంబర్ మధ్యాహ్నం సూర్యుడు 41.4 డిగ్రీలు వాలి ఉంటాడు కాబట్టి చదును నేల మీద ప్రతి చదరపు మీటరుకు నెత్తిమీది ఎండలో 75 శాతమే పడుతుంది. పగలు కూడా రెండు గంటలు తక్కువ. రెండూ కలిపి, వాతావరణం పైన లెక్కిస్తే, డిసెంబర్ రోజుకు మనకు అందే ఎండ జూన్ రోజుకు అందేదానిలో మూడింట రెండు వంతులు. ఇది ఒంపు చేసే పని. ఇంకా ఉత్తరానికి పోయేకొద్దీ ఈ తేడా విపరీతంగా పెరుగుతుంది, అందుకే అక్కడివాళ్లకు మంచు, మనకు దుప్పటి.

కానీ ఈ లెక్క ప్రకారం మనకు ఎండలు జూన్ చివర్లో, జూలైలో ముదరాలి. ముదరవు. ఏప్రిల్ చివర నుంచే మధ్యాహ్నపు సూర్యుడు నెత్తికి నాలుగైదు డిగ్రీల లోపు ఉంటాడు. అక్కడి నుంచి ఆగస్టు దాకా కోణంలో పెద్ద తేడా రాదు. తేడా నేలలో, ఆకాశంలో ఉంది. మేలో చెరువులు ఎండి, చేన్లు ఖాళీగా, మబ్బు లేకుండా ఉంటుంది. పడిన ఎండంతా నేలను, గాలిని వేడెక్కించడానికే పోతుంది. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయన్నది ఆ రోజుల మాటే. జూన్ రెండో వారానికి రుతుపవనాలు తాకగానే మబ్బు సగం ఎండను ఆపుతుంది, తడిసిన నేల మిగతాదాన్ని నీళ్లు ఆవిరి చేయడానికి ఖర్చుపెడుతుంది. ఆగస్టు 1న సూర్యుడు మళ్లీ నెత్తిమీదికి వచ్చినా మనకు వడగాడ్పులు ఉండవు. మన మూడు కాలాల్లో వానాకాలాన్ని ఖగోళం ఒక్కటే వివరించలేదు. భూమి ఒంపు నేలను వేడెక్కించి గాలిని పిలుస్తుంది, ఆ తర్వాతి కథ సముద్రానిది.

సంక్రాంతి, కార్తెలు, మీ చెక్క

జనవరి 14న కొలవండి. చుక్క 82 సెంటీమీటర్ల దగ్గర పడుతుంది. డిసెంబర్ 22 నాటి 88 నుంచి అప్పటికే 6 సెంటీమీటర్లు తగ్గిపోయింది. ఉత్తరాయణం మకర సంక్రాంతికి మొదలవుతుందని పంచాంగం చెబుతుంది, చెక్క మాత్రం అది మొదలై మూడు వారాలు దాటిందంటుంది. ఎవరూ అబద్ధం చెప్పడం లేదు. పంచాంగం సూర్యుణ్ని నక్షత్రాలతో పోల్చి కొలుస్తుంది, చెక్క అక్షంతో కొలుస్తుంది. అక్షం ఏడాదిలో కదలదన్నాను గానీ చాలా మెల్లగా దాదాపు 26,000 ఏళ్లకు ఒక చుట్టు తిరుగుతుంది. దానివల్ల నక్షత్రాల సంవత్సరం రుతువుల సంవత్సరం కన్నా 20 నిమిషాలు పెద్దది. సుమారు 71 ఏళ్లకు ఒక రోజు తేడా పడుతుంది. క్రీస్తుశకం మూడో శతాబ్దం చివర్లో రెండూ కలిసి ఉండేవి, ఇప్పుడు 24 రోజులు ఎడమయ్యాయి. ఆరో శతాబ్దంలో వరాహమిహిరుడు తనకు ముందుకాలపు అయనాంతాలు ఇప్పుడున్న చోట లేవని గుర్తించి రాశాడు. 1952లో మేఘనాద్ సాహా అధ్యక్షతన వేసిన పంచాంగ సంస్కరణ సంఘం రుతువుల సంవత్సరాన్నే పట్టుకుంది. 1957 మార్చి 22న అమల్లోకి వచ్చిన జాతీయ క్యాలెండర్‌లో చైత్రం విషువత్తు మర్నాడు మొదలవుతుంది. అది ప్రభుత్వ కాగితాల మీదే మిగిలింది, ఇళ్లలోకి రాలేదు.

కార్తెలు కూడా నక్షత్రాల లెక్కే. సూర్యుడు ఒక్కో నక్షత్రంలో ఉండే 13, 14 రోజులే ఒక కార్తె. అందుకే అవీ రుతువుల మీద మెల్లగా జారుతున్నాయి. అయినా వాటిని తీసిపారేయాలని నేననను. 300 ఏళ్లకు జారేది నాలుగు రోజులు, రైతు విత్తనానికి మృగశిర వానను చూసుకునే అంచనాలో అంతకన్నా ఎక్కువ సందు ఉంటుంది.

మీది వరంగల్ కాకపోతే

మీ ఊరి అక్షాంశం టాన్ విలువను 100తో గుణిస్తే విషువత్తు చుక్క వస్తుంది. డిసెంబర్‌కు అక్షాంశానికి 23.44 కలిపి, జూన్‌కు 23.44 నుంచి అక్షాంశం తీసేసి అదే పని చేయండి. కరీంనగర్‌లో (18.44) నీడలేని రోజులు మే 14, జూలై 30 దగ్గర. ఆదిలాబాద్‌లో (19.67) మే 19, జూలై 25 దగ్గర. అక్కడ జూన్ చుక్క దక్షిణానికి 6.6 సెంటీమీటర్లే జరుగుతుంది, డిసెంబర్ చుక్క 93 దాటి 94 దగ్గరికి వెళ్తుంది, చెక్క ఇంకొంచెం పొడుగ్గా కావాలి. మిట్టమధ్యాహ్నపు వేళకు మాత్రం రేఖాంశం చూడండి. నిజామాబాద్ 78.1 దగ్గర ఉంది కాబట్టి పైన రాసిన ప్రతి వేళకూ ఆరు నిమిషాలు కలుపుకోవాలి.